ఏడున్నర కుట్లకో టిక్కు

రేకులాయన కచేరీకి పదకొండు మంది వస్తారని ఒక లెక్క ఉండేది. గ్రంథాలయం మేడమీది గదిలో ఏడాదికి రెండుసార్లు వాయించేవాడు. వానొచ్చినా, ఎండ మాడ్చినా, కరపత్రాలు పంచినా, పంచకపోయినా పదకొండు మందే. ఒకసారి వెనక వరసలో పన్నెండో మనిషి కనపడేసరికి బావమరిది గబగబా వెళ్ళి వాకబు చేసి వచ్చి చెవిలో చెప్పాడు: "మరీ పొంగిపోకు బావా. పొద్దున కింద గొడుగు మర్చిపోయాడట. వెతుక్కుంటూ పైకొచ్చాడు."

అయినా ఆ మనిషి గొడుగు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు. ఆ సంగతి రేకులాయన చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు.

ఆయన దగ్గర డ్రమ్ములు రెండే ఉండేవి. మిగతాదంతా తాళ్ళకి వేలాడదీసిన రేకులు, కొలత ప్రకారం కోసిన నీళ్ళ గొట్టాలు, ఎండు గింజలు పోసిన ఎనామిల్ బేసిన్లు, టైరు లేని సైకిలు చక్రం ఒకటి. పాటకి తాళం వేసే వాయింపు కాదది. చప్పుడే పాట. గ్రంథాలయం వాళ్ళు ఒకసారి కరపత్రంలో 'ప్రయోగాత్మక వాద్యకారుడు' అని అచ్చు వేస్తే, భార్య దాన్ని కూడబలుక్కుని చదివి, "అంటే మీకింకా చేతనవలేదనా?" అని అడిగింది.

"అంతే అనుకో," అన్నాడాయన.

చప్పుడంటే చెవి కోసుకోవడం ఆయనకి చిన్నప్పుడే అబ్బింది. తండ్రిది రేకు పెట్టెలు చేసే దుకాణం. నలుగురు పనివాళ్ళు పొద్దస్తమానం సుత్తులతో బాదుతుండేవాళ్ళు. పిల్లవాడు గోడవైపు తిరిగి కూర్చుని, ఏ దెబ్బ ఎవరిదో చెప్పేవాడు. వాళ్ళలో ఒక ముసలి పనివాడి సుత్తికి ఒక నడక ఉండేది. మూడు గట్టి దెబ్బలు, ఒక జారుడు దెబ్బ, మళ్ళీ మూడు. ఆ నడక విని విని, ఉండబట్టలేక ఒకరోజు పిల్లవాడు ఆయన దగ్గరికి వెళ్ళి, "తాతా, నీ దెబ్బ భలే నడుస్తుంది. మూడు కొట్టి ఒకటి జారుస్తావు, తెలుసా?" అన్నాడు. ముసలాయనకి తెలియదు. ఆ మాట విన్న మరుక్షణమే సుత్తి బొటనవేలిమీద పడింది. వేలు మానినా వారం రోజుల దాకా దెబ్బ కుదరలేదు. కొట్టబోయి ఆగేవాడు. జారుడు దెబ్బ ఇక జీవితంలో రాలేదు.

"పనిచేసుకునేవాణ్ణి పనిచేసుకోనివ్వవేంరా!" అని తండ్రి వీపు వాయగొట్టాడు. ఆ దెబ్బలు పిల్లవాడు మర్చిపోయాడు. బొటనవేలు మాత్రం మర్చిపోలేదు. ఒకరి చేతిలో ఉన్న నడక వాళ్ళకి చెప్పకూడదని ఆనాడే మనసులో రాసుకున్నాడు. జీవితంలో ఆయన చేసిన పెద్ద తప్పుకి మూలం అదే.

డ్రమ్ములు ఎవరూ నేర్పలేదు. ఒక హోటల్లో సాయంత్రాలు పాటలు పాడే బృందంలో, అసలు డ్రమ్మరుకి జ్వరం వచ్చిన రోజున చేరి, మూడేళ్ళు ఉండిపోయాడు. అక్కడ కీబోర్డు వాయించేవాడే తర్వాత బావమరిది అయ్యాడు. మూడో ఏడాది చివర ఒక నెమ్మది పాట మధ్యలో, వంటింట్లో పళ్ళేలు కడుగుతున్న చప్పుడు చెవిన పడి, రేకులాయన చేతులు అటు వెళ్ళిపోయాయి. పాడే ఆయన మైకు పట్టుకుని నిలబడిపోయాడు. కిందికి దిగాక, "తాళం వెయ్యవయ్యా అంటే పాటకే తాళం వేసి చెవి పారేశావు కదయ్యా!" అని దణ్ణం పెట్టి పంపించేశాడు.

ఆ తర్వాత బడిలో డ్రిల్లు మాస్టారుగా కుదిరాడు. పిల్లలు కవాతు చేస్తుంటే మెళ్ళో డ్రమ్ము తగిలించుకుని ఎడమ, కుడి, ఎడమ, కుడి అని కొట్టడం పని. "నీలాంటివాడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు," అన్నాడు కీబోర్డు వాయించే స్నేహితుడు. అని ఊరుకోలేదు, తన చెల్లెల్నిచ్చి పెళ్ళి కూడా చేశాడు. "అది కూడా నీలాగే రోజంతా ఇంట్లో మోత మోగిస్తుంది. ఇద్దరూ ఒకచోట ఉంటే ఊరికి మంచిది."

చెల్లెలు బట్టలు కుట్టేది. అందులోనూ చొక్కా కాలర్లు. పెద్ద పెద్ద దర్జీలు చొక్కా అంతా తాము కుట్టి, కాలరు మాత్రం ఆమెకి పంపేవాళ్ళు. వీధిలో అందరూ 'కాలర్లమ్మ' అనేవాళ్ళు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను, వెనక గదిలో ఆయన రేకులు. నడుమ ఒక పలచని గోడ.

పెళ్ళైన ఆరు నెలలకి మిషను బెల్టు సాగింది. తొక్కుడు మిషనుకి కిందనున్న పెద్ద చక్రాన్నీ పైనున్న చిన్న చక్రాన్నీ కలుపుతూ ఒక తోలు బెల్టు ఉంటుంది. సాగితే వేలెడు ముక్క కోసేసి, రెండు కొసల్నీ ఒక ఇనుప కొక్కెంతో బిగిస్తారు. ఆ రోజు దుకాణం మూసి ఉంది. సాయంత్రానికి రెండు డజన్ల కాలర్లు ఇవ్వాలి. ఆమె ఏడుపు మొహం పెట్టింది. రేకులాయన తన చిన్న డ్రమ్ము అడుగున ఉండే తీగ ఒకటి తెంపి, మెలితిప్పి, బెల్టు బిగించాడు.

"ఈ పూటకి గడుస్తుంది. రేపు అసలు కొక్కెం తెస్తాను."

ఆ రేపు ముప్ఫై ఒక్క ఏళ్ళు సాగింది.

ఎందుకంటే, ఆమె తొక్కడం మొదలుపెట్టిన కాసేపటికి వెనక గదిలో ఆయన చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. ఆమె పాదాల కింద పలక మెత్తగా దుబ్బు, దుబ్బు అంటోంది. దానిమీద సూది టకటకలాడుతోంది. ఈ రెండింటినీ లెక్కచెయ్యకుండా, బెల్టుతోపాటు తిరిగి వచ్చిన తీగముడి చిన్న చక్రం ఎక్కినప్పుడల్లా టిక్కుమంటోంది. ఆయన లెక్కపెట్టాడు. ఏడు కుట్లు పడ్డాక, ఎనిమిదోది పడకముందే టిక్కు. ఆ తర్వాతిది సరిగ్గా సూదితోపాటు. మళ్ళీ నడుమ. మళ్ళీ సూదితో. ఏడున్నర కుట్లకొక టిక్కు.

బావమరిదికి చెబితే నోరు వెళ్ళబెట్టాడు. "ఏడున్నరా? అది శనిగాడి లెక్క బావా! నీ నెత్తినెక్కి కూర్చుంది, ఇక దిగదు."

దిగలేదు. నాలుగింటికి బడి వదిలితే నాలుగుంబావుకి ఆయన రేకుల ముందు ఉండేవాడు. గోడవతల ఆమె కుడుతుంటే, ఇవతల ఆ మూడు చప్పుళ్ళకీ ఎదురు వాయించేవాడు. ముఖ్యంగా కాలరు. గబగబా ఒక పరుగు, కాలరు మొన దగ్గర ఆగడం, సూది గుడ్డలో దించి ఉంచి గుడ్డ తిప్పడం, చేత్తో చక్రం తిప్పి రెండే రెండు కుట్లు, మళ్ళీ పరుగు. ఆ ఆగడం ఒకసారి క్షణం, ఒకసారి చాలాసేపు. ఆయన పుల్ల పైకెత్తి టిక్కు వినపడేదాకా ఆగేవాడు. ఇలా ఏళ్ళ తరబడి పోగుచేసి, కుదించి, నలభై నిమిషాల వాయింపు ఒకటి తయారుచేశాడు. నోటుపుస్తకం మీద 'ముందు గది' అని పేరు రాసుకున్నాడు.

దాన్ని పదకొండు మంది ముందు ఎప్పుడూ వాయించలేదు. ఎప్పటికైనా ఒక పెద్ద సభలో, భార్య ఎదురుగా కూర్చుని ఉండగా వాయించాలి. ఇది నీదే అని నోటితో చెప్పకూడదు. వింటూ వింటూ ఆమెకే తెలియాలి. ఆ మనిషికి ఉన్న కోరిక అదొక్కటే. ముందే చెబితే బొటనవేలు గుర్తొచ్చేది. ఆమె కాలు తడబడితే? ఆ టిక్కు మళ్ళీ రాకపోతే?

నడుమ ఒక టేపురికార్డరు కూడా కొన్నాడు. గోడకి ఇవతలినుంచి "రికార్డింగే!" అని కేక వేసేవాడు. టక్కున మిషను ఆగేది. "ఊఁ, కానివ్వండి," అని ఆమె గొంతు వినిపించేది. ఆపకు అని చెప్పాలని మొదటిసారి నోటిదాకా వచ్చింది. చెబితే ఎందుకని అడుగుతుంది. అందుకని నోరు మూసుకుని వేరే ఏదో వాయించి రికార్డు చేశాడు. అదే అలవాటైపోయింది. నలభై మూడు క్యాసెట్లు నిండాయి. ఒక్కదాంట్లోనూ మిషను చప్పుడు లేదు. ఉండనీలే, రేపు కూడా కుడుతుంది కదా అనుకున్నాడు.

పదవీ విరమణ ఇంకో ఏడాదికి ఉందనగా, ఒక మధ్యాహ్నం బడికి ఎవరో వచ్చారు. నలభై ఏళ్ళావిడ. ఊళ్ళో కొత్తగా కట్టిన సభామందిరానికి కార్యదర్శినని చెప్పింది.

"నేను మీకు గుర్తుండను మాస్టారూ. కాలేజీలో ఉండగా గ్రంథాలయం మేడమీద మీది నాలుగుసార్లు విన్నాను."

"పదకొండు మందిలో ఒకరన్నమాట."

"కిటికీ పక్కన కూర్చునేదాన్ని. మాకో సాయంత్రం ఇవ్వండి మాస్టారూ. నలభై నిమిషాలు, మీ ఇష్టం వచ్చింది వాయించండి. ఆరు వారాలు టైముంది."

ఆయన డ్రమ్ము మెళ్ళోంచి తీసి నేలమీద పెట్టాడు.

ఇంటికొచ్చి చెబితే కాలర్లమ్మ మొహం వెలిగిపోయింది. అప్పటికి ఆమె మోకాళ్ళు ఏడాదిగా వాస్తున్నాయి. తొక్కడం మానకపోతే నడక మానాల్సి వస్తుందని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. మందుల దుకాణంలో పనిచేసే కూతురు వచ్చినప్పుడల్లా మోటారు మిషను కొంటానని పోరేది. "నాకు కాళ్ళతోనే వస్తుందే తల్లీ, బొత్తాలతో రాదు," అని తల్లి తోసిపుచ్చేది.

కచేరీ కబురు వచ్చిన నాలుగో రోజు సాయంత్రం రేకులాయన బడినుంచి వచ్చి, పెరటి గుమ్మంలో చెప్పులు విప్పి, అటునుంచే వెనక గదిలోకి వెళ్ళి పుల్లలు తీసుకున్నాడు. గోడవతల చప్పుడేమీ లేదు. కాసేపు చూసి ముందు గదిలోకి వచ్చాడు. కిటికీ పక్కన తెల్లటి కొత్త మిషను ఉంది. కాలర్లమ్మ దానిముందు పరీక్ష రాసే పిల్లలా కూర్చుని ఉంది. పక్కన కూతురు.

"ఎలా ఉంది నాన్నా? అమ్మ ఒప్పుకుందోచ్!"

"పాతది?"

"నువ్వు బడికి వెళ్ళగానే మిషన్ల దుకాణం వాడు మార్పిడికి తీసుకెళ్ళిపోయాడు."

కాలర్లమ్మ బొత్తాం నొక్కింది. తుమ్మెద రొదలా జుమ్మని వచ్చి ఆగిపోయింది. "వినపడుతోందా? అస్సలు వినపడదు కదూ!" అంది సంబరంగా. "నా మోకాళ్ళ కోసమైతే ఒప్పుకోకపోదునండీ. ఇన్నేళ్ళూ మీరు రేకు ముట్టుకుంటే చాలు, ఇవతల టకటకమని మీ ప్రాణం తీశాను. ఒక్కనాడు విసుక్కోలేదు మీరు. ఇంత పెద్ద సభకి వాయించబోతున్నారు, ఈ నెలన్నరైనా మీకు అడ్డం లేకుండా ఉండాలనిపించింది."

"మంచి పని చేశావు," అన్నాడు. అని, చెప్పులు వేసుకుని మళ్ళీ బయటికి వెళ్ళాడు.

మిషన్ల దుకాణంలో మెకానిక్కు తల గోక్కున్నాడు. "ఆ పాతదా మాస్టారూ? తలకాయ విడిభాగాలకి ఊడదీసేశాం. కింది స్టాండు ఒక హోటలాయన టేబుల్ చేయిస్తానని పట్టుకెళ్ళాడు. ఎందుకు, ఏమన్నా పెట్టి మర్చిపోయారా?"

"బెల్టు."

"బెల్టా! కొత్తది ఇస్తాను."

"అదే కావాలి."

చెత్త డబ్బాలో చెయ్యిపెట్టి వెతికితే అడుగున దొరికింది. తీగముడి అలాగే ఉంది, వేలితో తడిమితే నున్నగా అరిగి. మెకానిక్కు వింతగా చూస్తూ, మూలనున్న ఇంకో తొక్కుడు మిషనుకి దాన్ని వేసి ఇచ్చాడు. రేకులాయన స్టూలుమీద కూర్చుని తొక్కాడు. ఏడు కుట్లు పడ్డాయి, ఎనిమిదోది పడకముందే టిక్కుమంది. అంతా ఉంది. కానీ తొక్కుతున్నవి డ్రిల్లు మాస్టారి కాళ్ళు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. టిక్కు వచ్చింది కానీ ఆమె రాలేదు.

బెల్టు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

మిగిలిన వారాలూ నిశ్శబ్దంలోనే సాధన చేశాడు. జ్ఞాపకం పెట్టుకున్నదంతా చేతుల్లోకి దింపుకున్నాడు. టిక్కు కోసం వేలికి ఇనుప ఉంగరం తొడిగి, రేకు అంచుమీద కొట్టుకున్నాడు. కాలరు మొనదాకా ఒక ముక్క, మొన తర్వాతది ఒక ముక్కగా విడివిడిగా వాయించుకున్నాడు. బావమరిది వచ్చి విని, మొదటిసారి వెటకారం చెయ్యలేదు. "బావా, ఇంతుందా దీంట్లో!" అన్నాడు. గోడవతల కాలర్లమ్మ మాత్రం ఒకే కాలరు కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. అది ఆయన చూడలేదు. చూడటానికి చప్పుడు లేదు మరి.

సభ రోజున రెండు వందల మందికి పైగా వచ్చారు. తెరవెనకనుంచి తొంగిచూసి బావమరిది, "ఇంతమందికి గొడుగులు పోయాయంటావా?" అన్నాడు. కాలర్లమ్మ ముందు వరసలో కూతురి పక్కన కూర్చుంది. కొత్త బట్టలు, తానే కుట్టుకున్నవి. చేతికర్రని కుర్చీకి ఆనించింది.

మొదటి పదిహేను నిమిషాలూ ఆయన జీవితంలో ఎన్నడూ వాయించనంత బాగా వాయించాడు. పలక దుబ్బుదుబ్బులు పెద్ద డ్రమ్ముమీద, సూది రేకుమీద, ఉంగరం టిక్కు వాటి నడుమ ఒకసారి కలుస్తూ ఒకసారి తప్పుతూ. జనం ఊపిరి బిగబట్టారు. కాలరు వచ్చింది. పరుగు, ఇంకా పరుగు, మొన. పుల్ల పైకెత్తి ఆగాడు.

అక్కడ తెలిసింది. నలభై నిమిషాలూ కంఠతా పట్టాడు కానీ, ఈ ఆగడం పట్టలేదు. ఎందుకంటే అది ఎప్పుడూ ఆయనది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇక్కడికొచ్చి, గోడవతలినుంచి టిక్కు వినపడగానే మొదలుపెట్టాడు. ఎంతసేపు ఆగాలో ఆయన ఏనాడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడూ ఆగాడు. రెండు వందల మంది ఉన్న గదిలో టిక్కు కోసం చెవులు రిక్కించి, పుల్ల గాల్లో పెట్టి కూర్చున్నాడు. అది రాలేదు. చెయ్యి కిందికి దిగనంది. ఎదురుగా కాలర్లమ్మ కుర్చీ అంచుకి జరిగి, ఆయన చేతికేసే చూస్తోంది. నిమిషం మీద నలభై సెకన్లని తర్వాత బావమరిది గడియారం చూసి చెప్పాడు. చివరికి పుల్ల మెల్లగా రేకుమీద పడుకోబెట్టి, లేచి తలవంచాడు.

సభ దద్దరిల్లింది. జనం లేచి నిలబడ్డారు. కార్యదర్శి కళ్ళు తుడుచుకుంది. 'నిశ్శబ్దాన్ని వాయించినవాడు' అని మర్నాడు పత్రికలో వేశారు. ఇన్నేళ్ళ వాయింపులో ఆయనకి దక్కిన మెప్పంతా, ఆయన వాయించలేకపోయిన ఆ నిమిషం నలభై సెకన్లకే.

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. రెండు స్టాపులు దాటాక ఆమె అంది:

"బాగుందండీ. కాలరు మొన దగ్గర మర్చిపోయారు, అంతే."

ఆయన తల తిప్పి చూశాడు. "కాలరు మొనేమిటి?"

"అదే, మీరు గబగబా వచ్చి ఆగుతారే, ఆ చోటు. నేను దాన్ని అలాగే అనుకుంటాను. మీరు అక్కడికి వచ్చేసరికి నేనూ మొనకి వచ్చేలా తొక్కేదాన్ని. మీరు మళ్ళీ మొదలుపెట్టినప్పుడు గుడ్డ తిప్పేదాన్ని. మీరు వాయిస్తుంటేనే నాకు కాలరు తిన్నగా వచ్చేది. ఈ కొత్తదానిమీద ఒక్కటీ రావడం లేదండీ, మీకు చెప్పలేదు కానీ."

"నేను మొదలుపెట్టేదాకా ఆగేదానివా?"

"మరి?"

"నువ్వు మొదలుపెట్టేదాకా నేను ఆగేవాణ్ణి."

బస్సు ఎక్కడో గుంటలో పడి లేచింది. ఇద్దరూ ఆగితే మొదట కదిలింది ఎవరన్నది ఆ ఇద్దరికీ తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు. ఆయన జేబులోంచి బెల్టు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. మొదటినుంచీ అంతా చెప్పాడు. తీగముడి, టిక్కు, ఏడున్నర లెక్క, 'ముందు గది'. ఆమె ముడిని వేలితో తిప్పుతూ వింది.

"ఇంకా ఆ తీగేనా? అసలు కొక్కెం తెస్తానన్నారు," అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదండీ?"

"చెబితే నీ కాలు తడబడుతుందేమోనని."

"ముప్ఫై ఏళ్ళు మీకు అడ్డమవుతున్నానని బిక్కుబిక్కుమంటూ తొక్కాను. తడబడటానికి ఇంకేం మిగిలిందని?"

దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచారు. మెల్లగా, ఆమె కర్ర నడకకి తగ్గట్టు.

పది రోజుల తర్వాత ఆమే అడిగింది. "ఆ దుకాణంలో ఇంకో తొక్కుడు మిషను ఉందన్నారుగా. ఒక్క కాలరు కుడతాను. మీరు వాయించండి."

"డాక్టరు..."

"ఒక్కటేనండీ."

ఆయన వద్దనాల్సింది. వద్దనలేదు. అది కూడా ఆయన ఖాతాలోదే.

మధ్యాహ్నం దుకాణంలో జనం లేరు. మెకానిక్కు బెల్టు వేసి, స్టూలు జరిపి ఇచ్చాడు. రేకులు లేవు కాబట్టి రేకులాయన బల్లచెక్కమీద వేళ్ళతోనే మొదలుపెట్టాడు. కాలర్లమ్మ తొక్కింది. సూదులు కొనడానికి వచ్చిన ఒకావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. పరుగు, పరుగు, మొన. ఇద్దరూ ఆగారు. ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో నడుమ గోడ లేకపోవడం అదే మొదలు. అందుకేనేమో, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. టిక్కు ఎప్పుడు పడిందో ఇద్దరూ చూడలేదు. మళ్ళీ పరుగందుకున్నారు.

కాలరు పూర్తయింది. మెకానిక్కు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "అమ్మా, కొలబద్ద పెట్టినట్టుంది!" అన్నాడు.

ఆమె లేవబోయి లేవలేకపోయింది. మోకాలు ఆ సాయంత్రానికి కుండలా వాచింది. స్టూలుతో సహా మోసుకుని ఆటో ఎక్కించారు. ఆ తర్వాత ఆమె ఇంట్లో గోడ పట్టుకుని నడవడమే కానీ వీధి గుమ్మం దాటలేదు.

"నీ టిక్కు ముఖ్యమా, అమ్మ కాళ్ళు ముఖ్యమా నాన్నా?" అని కూతురు అడిగింది. అరిచి అడిగితే బాగుండేది. మెల్లగా అడిగింది. లోపలినుంచి కాలర్లమ్మ, "నాన్ననేమీ అనకే, నేనే అడిగాను," అంది. కూతురికి ఆ జవాబు చాలలేదు. ఆయనకీ చాలలేదు.

'నిశ్శబ్దాన్ని వాయించినవాడి'కి తర్వాత నాలుగు ఊళ్ళనుంచి పిలుపులొచ్చాయి. అందరికీ ఆ నిశ్శబ్దమే కావాలి. వెళ్ళాడు. అదే చోట పుల్ల పైకెత్తి కూర్చున్నాడు. జనం అదే చోట లేచి చప్పట్లు కొట్టారు. ఒక నిర్వాహకుడైతే, నిశ్శబ్దం రెండు నిమిషాలు దాటకుండా చూడగలరు, దీపాలవాడు తికమకపడుతున్నాడు అని ముందుగా ఉత్తరం రాశాడు. దాన్ని చదివి వినిపిస్తే కాలర్లమ్మ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. ఆ దగ్గు తగ్గలేదు. రెండేళ్ళు నిండకుండానే, వానాకాలంలో, ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది.

కుట్టిన ఆ ఆఖరి కాలరు చొక్కా లేకుండానే అలమరలో ఉంది. దాని పక్కన చుట్టచుట్టిన బెల్టు. పిలుపులకి ఆయన వెళ్ళడం మానేశాడు. తెల్ల మిషను కిటికీ పక్కనే ఉంది. కూతురు ఆదివారాలు వచ్చి దానిమీద దుమ్ము తుడిచి వెళుతుంది. ఒక ఆదివారం పాత టేపురికార్డరు కూడా బాగుచేయించి తెచ్చి, వెనక గదిలో బల్లమీద పెట్టింది.

"నీకు గుర్తున్నంత వరకూ వాయించి పెట్టు నాన్నా. నేనూ వింటాను," అంది.

ఆ సాయంత్రం నాలుగుంబావుకి రేకులాయన రేకుల ముందు కూర్చున్నాడు. ఉంగరం తొడుక్కున్నాడు. వేలు బొత్తాం మీద పెట్టి, గోడకేసి తిరిగి, ఎప్పటిలాగే కేక వేశాడు.

"రికార్డింగే!"

వంటింట్లో కూతురు చేతిలో పని ఆపేసింది. ఆయన మెడ కొంచెం పక్కకి వంచి, గోడవతలినుంచి "ఊఁ, కానివ్వండి" అని వినపడేదాకా ఆగినట్టు ఆగాడు. పట్టాల్సినంతసేపూ పట్టింది. ఆ తర్వాత బొత్తాం నొక్కాడు.